దేవదానం ఒట్టు పెట్టలేదు

పాస్టరు చదువు ముగించి మొదటి సంఘానికి వెళ్లబోయే పిల్లలు అప్పుడప్పుడు చిత్తూరులో మా ఇంటికి వస్తుంటారు. ప్రసంగం ఎంతసేపు ఉండాలి, పెళ్లికి ఎంత ముందుగా వెళ్లాలి అని అడుగుతారు. ప్రసంగం ఎంతసేపు ఉన్నా వెనక వరసలో వాళ్లు నిద్రపోతారు కాబట్టి దాని గురించి దిగులు వద్దంటాను. పెళ్లికి ఎంత ముందుగా వెళ్లినా పెళ్లికొడుకు మనకంటే ఆలస్యంగానే వస్తాడు. టీ ఎక్కడ తాగాలి అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా పాస్టరు ఉద్యోగంలో నన్ను మొదట ఇబ్బంది పెట్టింది అదే.

రెండు టీ అంగళ్లు

తొంభైల మొదట్లో నన్ను పూతలపట్టు దగ్గర ఒక పల్లెకు వేశారు. ఊరి పేరు చెప్పను. అక్కడి వాళ్లు ఇంకా ఉన్నారు, ఇంకా రెండు పార్టీలుగానే ఉన్నారు. ఒక పార్టీకి పెద్ద చెంగల్రాయుడు, చెరకు, మామిడి తోపులు ఉన్న రైతు. రెండో పార్టీకి పెద్ద మునిరత్నం, ఆయనకూ తోపులున్నాయి, అదనంగా రెండు లారీలు. వాళ్లిద్దరి మధ్య సిద్ధాంత భేదం ఏమిటో నాకు అర్థం కాక ఒకసారి వాళ్లనే అడిగాను. "వాడు ఆ పార్టీ గదా" అన్నారు, ఇద్దరూ విడివిడిగా.

మా గుడి ఊరి పక్కన కాలనీలో ఉండేది. సంఘంలో సగం ఇళ్లు చెంగల్రాయుడి చేలల్లో పని చేసేవి, సగం ఇళ్లు మునిరత్నం వైపు. నేను వెళ్లేసరికి గుళ్లో మగవాళ్లు ఎడమ పక్క, ఆడవాళ్లు కుడి పక్క చాపల మీద కూర్చునేవాళ్లు. అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. ఆ ఏడాది చెంగల్రాయుడి పార్టీ వాళ్లు ఎడమకు, మునిరత్నం పార్టీ వాళ్లు కుడికి జరిగారు. భార్యాభర్తలు గుళ్లో పక్కపక్కన కూర్చోవడం మా సంఘంలో అట్లా మొదలైంది.

ఊళ్లో టీ అంగళ్లు రెండు. నాకు తెలియక మొదటి వారం దగ్గరగా ఉన్న అంగట్లో తాగాను. నేను చెంగల్రాయుడి మనిషినని మునిరత్నం వాళ్లు నిర్ణయించారు. రెండో వారం రెండో అంగడికి పోయాను. పార్టీ మార్చానన్నారు. ఆ తర్వాత ఒక రోజు ఇక్కడ, ఒక రోజు అక్కడ తాగాను. నాకు నిలకడ లేదన్నారు. చివరికి టీ మానేసి ఇంట్లోనే తాగడం మొదలుపెడితే, ఎవరింటి పాలతో తాగుతున్నానో మా ఆవిడను ఆరా తీశారు.

పాస్టరుకు రాజకీయం ఉండకూడదని పైవాళ్లు చెబుతారు. అది మన చేతుల్లో లేదు, మనం ఊరుకున్నా ఊరుకోరు, ఏదో ఒకటి అంటగడతారు. కాబట్టి దాక్కోవడానికి శ్రమ పడకండి. ఇద్దరి ఇళ్లకూ వెళ్లండి, ఇద్దరి చావులకూ వెళ్లండి. ఇద్దరూ తిడతారు. తిట్లు సమానంగా వస్తున్నాయంటే పని సరిగా చేస్తున్నట్టే లెక్క.

ప్రార్థన కోసం వచ్చినవాళ్లు

ఓట్ల కాలంలో అభ్యర్థులు ఆదివారం గుడికి వస్తారు. చెప్పులు బయట విడిచి, ముందుకొచ్చి, నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేయమంటారు. మొదటిసారి ఒకాయన అట్లా వచ్చాడు. కాదంటే గుడి కప్పుకు రేకులు రావు, సరేనంటే మిగతా సగం సంఘం రాదు. నేను ఆ మనిషి ఆరోగ్యం కోసం, ఊళ్లో గొడవలు లేకుండా ఉండడం కోసం ప్రార్థించాను. గెలుపు మాట ఎత్తలేదు. వారం తర్వాత రెండో అభ్యర్థి వచ్చాడు. ఆయనకూ అదే ప్రార్థన, అవే మాటలు.

ఓడినాయన మనుషులు వచ్చి మీ ప్రార్థన పని చేయలేదని నిష్ఠూరమాడారు. గెలిచినాయన కొండకు పోయి గుండు కొట్టించుకుని వచ్చాడు, నా ఊసే ఎత్తలేదు. రేకులు ఇద్దరూ ఇవ్వలేదు.

ఇట్లాంటివి వచ్చినప్పుడు చిత్తూరు వెళ్లి మా పైఅధికారిని కలిసేవాణ్ణి. ఆయన్ను అందరం పెద్దయ్యగారు అనేవాళ్లం. చాలా మంచి మనిషి. నేను చెప్పేదంతా కళ్లు మూసుకుని విని, "జ్ఞానంగా నడుచుకో" అనేవారు. ఎన్నికల గొడవ చెప్పినా, గుడి గోడ పగిలిందని చెప్పినా, మా ఆవిడకు మలేరియా అని చెప్పినా అదే మాట. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత తెలిసింది, ఆ మాటను మనకు కావలసినట్టు వాడుకోవచ్చని. మీ పైఅధికారి కూడా ఇట్లాంటివాడైతే అదృష్టమే అనుకోండి.

పాల సంఘం ఎన్నిక

ఇక దేవదానం సంగతి. ఈ రాత అంతా ఆయన కోసమే.

దేవదానం మా సంఘ కమిటీలో సభ్యుడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. చెంగల్రాయుడి చేను ఒకటి కౌలుకు చేసేవాడు. మూడు ఆవులుండేవి, వాటిని ఆయన భార్య ఎస్తేరమ్మ చూసుకునేది. ఆ కౌలు చేను, ఆ పాలు, అంతే వాళ్ల బతుకు. ఊరి పాల సంఘంలో కాలనీ తరఫున ఆయన ఒక డైరెక్టరు.

ఒక ఏడాది పాల సంఘం అధ్యక్షుడి ఎన్నిక వచ్చింది. తొమ్మిది మంది డైరెక్టర్లు చీటీలు రాసి బిందెలో వేయాలి. చెంగల్రాయుడికి అయిదు ఓట్లు ఖాయం. తను, తన వాళ్లు ముగ్గురు, దేవదానం. చీటీలు విప్పితే అయిదు మునిరత్నానికి వచ్చాయి. ఎవరో ఒకరు అటు వేశారు. చెంగల్రాయుడు అధ్యక్ష పదవి పోయినందుకు పడిన బాధ కంటే, ఎవరు వేశారో తెలియనందుకు పడిన బాధ ఎక్కువ.

మా జిల్లాలో ఇట్లాంటివి తేల్చుకోవడానికి కాణిపాకం ఉంది. కోనేట్లో మునిగి, తడిగుడ్డలతో వినాయకుడి ముందు నిలబడి ఒట్టు వేయాలి. అక్కడ అబద్ధమాడితే మనిషి బాగుపడడని నమ్మకం. పోలీసు స్టేషన్లో తేలని తగాదాలు అక్కడ తేలడం నేనే చూశాను. చెంగల్రాయుడి వాళ్లు ముగ్గురూ వెళ్లి ఒట్టు వేసి వచ్చారు. దేవదానం వెళ్లలేదు.

మర్నాడు చెంగల్రాయుడు మా ఇంటికి వచ్చాడు. ఆయన నన్ను ఫాదరూ అని పిలిచేవాడు. నేను ఫాదర్ని కాదని మూడు సార్లు వివరించాను. మూడు సార్లూ "సరే ఫాదరూ" అన్నాడు.

"ఫాదరూ, మావోళ్లు ముగ్గురూ పొయ్యి ఒట్టేసి వచ్చినారు. మీ దేవదానం రానంటాడు. మా దేవుడి ముందర నిలబడను అంటే నాకేం కోపం ల్యా, అది వాడి ఇష్టం. మీ దేవుడి ముందరే చెయ్యమనండి. ఆదివారం మీ గుళ్లో బైబిల్ మింద చెయ్యి పెట్టి, చెంగల్రాయుడికే ఏసినానని చెప్పమనండి. నేను వచ్చి ఇంటా. మీకూ ఇబ్బంది ల్యా, నాకూ ఇబ్బంది ల్యా."

న్యాయంగా అడిగాడు. కానీ ఒట్టు అసలే పెట్టుకోవద్దని, అవునంటే అవును కాదంటే కాదు అన్నట్టు ఉండాలని ప్రభువు చెప్పిన మాట ఒకటుంది. బాప్తిస్మం తరగతిలో ప్రతి ఏడూ దాన్ని చెప్పేవాణ్ణి. ఎవరూ ప్రశ్న అడిగేవాళ్లు కాదు, తొందరగా ముగిస్తే ఇంటికి పోవచ్చు కాబట్టి. నేనూ దాని గురించి పెద్దగా ఆలోచించి ఉండలేదు. ఇప్పుడు ఆలోచించాల్సి వచ్చింది.

"మా దాంట్లో ఒట్టు లేదండీ. ఆయన వేశానంటే వేసినట్టే" అన్నాను.

"మరి నిజమో అబద్ధమో యెట్ల తెలుస్తాది?"

"తెలియదు."

"ఇదేం మతం ఫాదరూ" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే జాలిపడ్డాడు.

సాయంత్రం దేవదానం వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అయ్యా, కాణిపాకం పోనని చెప్పింది నేను. బైబిల్ మింద అయితే చేస్తానని గూడా నేనే చెప్పినా. మీరెందుకు వొద్దన్నారు?"

"ఒట్టు వద్దని నీకు నేర్పించాను కదా."

"నేర్పించినారు. నేను నేర్చుకున్నా. చెంగల్రాయుడు నేర్చుకోలా గదా."

ఆయన ఆగలేదు. "మీకు నెలకు జీతం చిత్తూరు నించి వస్తాది. నాకు ఆ చేన్లో నించి రావాల. నేను ఆయనకే ఏసినా. ఆ మాట ఒక్కటి గట్టిగా చెప్పేదానికి మీరు అడ్డం నిలబడినారు."

"మామూలుగా చెప్పు. గుళ్లో ఒట్టు పెట్టనివ్వను" అన్నాను.

"మామూలుగా చెప్పినా. నమ్మలా" అని వెళ్లిపోయాడు. తర్వాత కొన్ని ఆదివారాలు గుడికి రాలేదు. పంట కోయగానే చెంగల్రాయుడు చేను వెనక్కి తీసుకున్నాడు.

నాకు భయం వేసింది. నేను పట్టిన పట్టు సరైనదే, ఇప్పటికీ అదే అంటాను. అయితే దానివల్ల నా ఇంట్లో ఒక్క గింజ తగ్గలేదు, తగ్గింది దేవదానం ఇంట్లో. పిల్లలూ, గుళ్లో నిలబడి మీరు ఏది బోధించినా, అది ఎవరి కంచంలోంచి పోతుందో ముందు చూసుకోండి. చూసుకున్నాక కూడా బోధించాల్సిందే, అది వేరే సంగతి. కానీ చూసుకోండి.

మునిరత్నం కప్పిన శాలువా

దేవదానం ఒట్టు వేయలేదు కాబట్టి అటు వేసింది ఆయనేనని ఊరంతా అనుకుంది. మునిరత్నం కూడా అనుకున్నాడు. పాల కేంద్రం ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. దేవదానాన్ని పిలిచి శాలువా కప్పాడు, ఎస్తేరమ్మకు కేంద్రంలో పని ఇస్తానన్నాడు. ఆ వారం నుంచి దేవదానం పాలల్లో వెన్న శాతం పెరిగింది, దాన్ని బట్టి ధరా పెరిగింది. ఆవుల మేత ఏమీ మారలేదు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. చేను పోయినా పాలు నిలబడ్డాయి, దేవుడు ఒక దారి చూపించాడు అని మా ఆవిడతో అన్నాను.

"ఆయన వాళ్లకు వేయలేదు కదండీ" అంది మా ఆవిడ.

"వేశానని ఆయన చెప్పలేదే. వాళ్లే అనుకున్నారు. ఎవరూ అడగలేదు కూడా" అన్నాను. ఆమె లోపలికి పోయింది. ఆమెకు నా ప్రసంగాలన్నీ తెలుసు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే పాల కోసం చెంబు పట్టుకుని కేంద్రానికి వెళ్లాను. పాలు పోసేవాళ్లంతా వరసలో ఉన్నారు. మునిరత్నం కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దేవదానం క్యాను దించి వరసలోంచి పక్కకు వచ్చాడు.

"అన్నా, ఒక మాట. నేను మీకు ఏయలా. చెంగల్రాయన్నకే ఏసినా."

మునిరత్నం నవ్వాడు. "సరేలేప్పా. ఇప్పుడా మాటెందుకు? నేను అడిగినానా?"

"అడగలా. మీరు ఏసినానని అనుకుంటా ఉండారు. శాలువా గూడా కప్పితిరి. అందుకని చెప్పినా." చంకలో ఉన్న శాలువా మడత తీసి బల్ల మీద పెట్టాడు.

"అయితే నాకు ఏసినోడు ఎవురు?"

"నాకు తెల్దన్నా."

మునిరత్నం నావైపు తిరిగాడు. "ఏం సామీ, ఇది మీరు చెప్పించినారా?"

లేదన్నాను. అది పూర్తి నిజం. నన్ను ముందుగా అడిగి ఉంటే వద్దనేవాణ్ణి.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో దేవదానాన్ని కలుసుకుని గట్టిగానే అడిగాను. "ఎందుకు చెప్పావు? నిన్ను ఎవరు చెప్పమన్నారు?"

"ఒట్టు వొద్దంటిరి గదయ్యా. ఒట్టు లేకుండా నా మాట నమ్మల్ల అంటే, నేను నోరు మూసుకోని ఉన్నప్పుడు గూడా అబద్ధం ఉండగూడదు గదా. ఎస్తేరు గూడా అదే అనింది." నాలుగడుగులు నడిచి, "మీ మింద కోపం మాత్రం పోలా. అది వేరే" అన్నాడు.

సరే అన్నాను. ఆ తర్వాతి ఆదివారం గుడికి వచ్చాడు. కోపంతోనే వచ్చాడు, ముందు వరసలో కూర్చున్నాడు.

సంఘ ఐక్యత

దేవదానం పాలల్లో వెన్న ఆ వారమే పడిపోయింది. తర్వాత పాలు విరిగాయని తిప్పి పంపడం మొదలుపెట్టారు. చెంగల్రాయుడు ఈ సంగతి విని, "నాటకం. ఇద్దరూ కూడబలుక్కోని ఆడతా ఉండారు" అన్నాడు. చేను తిరిగి రాలేదు.

మా సంఘంలో ఎడమ పక్క వాళ్లు ఆయన్ను ద్రోహి అన్నారు. కుడి పక్క వాళ్లు పొగరుబోతు అన్నారు. రెండు పక్కల పెద్దలూ కలిసి మా ఇంటికి వచ్చి, దేవదానాన్ని కమిటీలోంచి తీసేయమని అడిగారు. ఆ రెండు పక్షాలూ ఒకే చాప మీద కూర్చోవడం నేను చూడడం అదే మొదలు. సంఘ ఐక్యత కోసం నేను ఎన్నో ఏళ్లు ప్రార్థన చేసి ఉన్నాను.

చిత్తూరు వెళ్లి పెద్దయ్యగారికి చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విని, జ్ఞానంగా నడుచుకోమన్నారు. ఊరికి వచ్చి కమిటీకి చెప్పాను, పెద్దయ్యగారితో మాట్లాడాను, ఆయన జ్ఞానంగా నడుచుకోమన్నారు, కాబట్టి దేవదానం కమిటీలో ఉంటాడు అని. పై నుంచి వచ్చిన మాట కదా, ఎదురు చెప్పలేకపోయారు.

దేవదానం ఒక ఆవును అమ్మేశాడు. మిగతా రెండింటి పాలు సైకిల్ మీద పూతలపట్టు నాలుగు రోడ్ల దగ్గరికి తీసుకుపోయి టీ అంగళ్లకు పోసేవాడు. ఆ అంగళ్లకు పార్టీ లేదు, బస్సు ఆగితే చాలు. నేను కూడా సైకిలెక్కి అక్కడికే పోయి టీ తాగడం అలవాటు చేసుకున్నాను. ఎస్తేరమ్మ వేరే ఊరి చేలకు కూలికి పోయేది. ఎండలో ఆమె తిరిగి వస్తూ ఎదురుపడితే, "బాగుండారా అయ్యా" అని ఆమే ముందు పలకరించేది. నన్ను అక్కడి నుంచి కార్వేటినగరం మార్చేవరకు, అన్ని ఏళ్లూ అట్లాగే గడిచాయి.

మామిడి వరస

రెండువేలు దాటిన కొన్నాళ్లకు దేవదానం కార్వేటినగరానికి మనిషిని పంపాడు. అయ్యగారు ఒకసారి వచ్చి పక్కన నిలబడితే చాలు, ప్రార్థన కూడా అక్కర్లేదు అని కబురు.

చెంగల్రాయుడి తోపు, మునిరత్నం తోపు పక్కపక్కనే ఉంటాయి. రెండింటి నడుమ గట్టు మీద ఒక హద్దు రాయి, దాని పక్కన ఒక వరస మామిడి చెట్లు. మునిరత్నం రాయిని జరిపించి ఆ వరస తనదంటున్నాడని చెంగల్రాయుడి ఆరోపణ. సర్వేయరు వచ్చి కొలిస్తే అవతలివాడి మనిషి అన్నారు. కాణిపాకం మాట వచ్చింది. ఇద్దరూ వెంటనే సిద్ధమన్నారు, ఎవరి నమ్మకం వాళ్లది. ఇద్దరూ మునిగి ఇద్దరూ ఒట్టు వేస్తే ఏం తేలుతుందని పెద్దమనుషులు తల పట్టుకున్నారు.

అప్పుడు మునిరత్నం అన్నాడట. "ఆ దేవదానాన్ని అడగండి. ఆ తోపులో ముందు నించీ పని చేసినోడు. నా మొగం మిందనే నీకు ఏయలా అని చెప్పినోడు ఈ ఊర్లో వాడొక్కడే."

నేను వెళ్లేసరికి తోపులో యాభై మందికి పైగా ఉన్నారు. చెంగల్రాయుడు జుట్టు నెరిసి, సన్నబడి ఉన్నాడు. దేవదానం దగ్గరికి పోయి, నాకు వినబడేంత దూరంలోనే అన్నాడు. "నీ కౌలు చేను ఖాళీగానే ఉండాది దేవదానం. ఎవురికీ ఇయ్యలా."

దేవదానం తల ఊపాడు. చెట్ల అవతల గట్టు మీద ఎస్తేరమ్మ నిలబడి ఉంది. కూలికి పోతూ ఆగినట్టుంది, చేతిలో కొడవలి ఉంది.

ఒక పెద్దమనిషి కర్పూరం తెప్పించాడు. ఇంకొకాయన నావైపు చూసి, బైబిల్ తెచ్చారా సామీ అన్నాడు. నేను నోరు తెరిచేలోగా మునిరత్నం, "అవేమీ వొద్దు. ఊరికే చెప్పమనండి చాలు" అన్నాడు. చెంగల్రాయుడు కాదనలేదు.

దేవదానం రాయి దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఈ రాయిని ఎవురూ జరపలా. ఈ వరస చెట్లకు గుంతలు తవ్వింది నేనే. నన్ను పిలిపించింది మునిరత్నమన్న వాళ్ల నాయన. ఆ పొద్దు మీ నాయన గూడా ఈడనే నిలబడి ఉన్నాడు చెంగల్రాయన్నా, గుంతలు వాళ్లవైపే పడేటట్టు సూసుకో అని ఆయనే చెప్పినాడు. రాయి అప్పుడూ ఈడనే ఉండె. చెట్లు వాళ్లవి."

ఆయన చేను మళ్లీ పోయిందని, దాన్ని ఆయన తన నోటితోనే పోగొట్టుకున్నాడని నాకు ఏడుపొచ్చింది.

చెంగల్రాయుడు రాయి వైపు చూడలేదు. దేవదానం మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు. "అయితే ఆ పొద్దు నువ్వు నాకే ఏసినావు" అన్నాడు.

"అప్పుడే చెప్పినా గదన్నా" అన్నాడు దేవదానం.

"చెప్పినావు" అన్నాడు చెంగల్రాయుడు. "నేనే ఇనలా."